మూతపడ్డ మిల్లు గుమ్మం

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెప్పేవాణ్ణి. కాపురం ఏలూరులో. పొద్దున పాసింజరు ఎక్కి గూడెం వెళ్ళడం, సాయంత్రం పాసింజరు ఎక్కి ఏలూరు రావడం. ఆ బండి భీమడోలులో ఆగిందంటే దేశంలో ఉన్న ఎక్స్‌ప్రెస్సులన్నీ వరసగా దాన్ని దాటి వెళ్ళాలి, తర్వాత గూడ్సులు వెళ్ళాలి, ఆ తర్వాత డ్రైవరు టీ తాగాలి. పెళ్ళినాటికి నిగనిగలాడిన నా జుట్టు భీమడోలు ప్లాట్‌ఫారం మీదే నెరిసిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఒకరోజు స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు, పాత కట్టడాల సామాను పారబోయకుండా మళ్ళీ ఇళ్ళకు వాడుకోవడం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు నేర్పాలనీ, అందుకోసం ఎవరైనా ఆదివారాలు ఊళ్ళు తిరగాలనీ అన్నారట. అన్నారట అని ఎందుకంటున్నానంటే, ఆ సమయానికి నేను కళ్ళు తెరిచే నిద్రపోతున్నాను. ఫ్యాను గాలికి నా తల ముందుకూ వెనక్కూ ఊగింది. దాన్ని అంగీకారంగా రాసుకున్నారు. మెలకువ వచ్చేసరికి అందరూ నాకేసి చూసి చప్పట్లు కొడుతున్నారు. నేనూ కొట్టాను.

ఆ కునుకుకి నేను రుణపడి ఉన్నాను. నిక్కచ్చిగా చెబుతున్నాను. ఆ రోజు మేలుకుని ఉంటే నేను తప్పకుండా ఏదో ఒక నడుంనొప్పి చెప్పి తప్పించుకునేవాణ్ణి. అప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయడానికి నా దగ్గర భీమడోలు ప్లాట్‌ఫారం తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

పన్నెండు చార్టులు రాయించాను. ఒక్కొక్కటీ విప్పితే చిన్నసైజు పడవ తెరచాపంత. ఒక పాత ఇల్లు, దాన్నుంచి బాణం, ఇటుకలు, మళ్ళీ బాణం, కొత్త ఇల్లు, అక్కణ్ణుంచి ఇంకో బాణం బయలుదేరి తిరిగి మొదటికే వచ్చేది. బాణాలన్నీ ఎర్రరంగు. చూసినవాడికి ఇల్లు కట్టుకోవాలనిపించకపోయినా యుద్ధానికి వెళ్ళాలనిపించేది.

పాఠం ఉంది, చార్టులున్నాయి. పాత సామాను కావాలి. అది దేవుడిచ్చినట్టు గూడెంలోనే దొరికింది. స్టేషన్ నుంచి కాలేజీకి వెళ్ళే దారిలో ఒక పాత రైసుమిల్లు మూతపడి ఉండేది. దాని యజమాని ఇంకా పెద్ద మిల్లు కడుతూ దీన్ని పడగొట్టే పనిలో ఉన్నాడు. సిమెంటు ఇంకా ఈ ప్రాంతానికి రాని రోజుల్లో సున్నంతో కట్టిన గోడలు. గోడ మందం ఎంతంటే, ఒక కోడిపుంజు గోడకు ఇటు కూస్తే అటు రెండోరోజు వినపడేది. సున్నంతో కట్టిన గోడలో ఉన్న సుగుణం ఏమిటంటే, తట్టి విడదీస్తే ఇటుక ఇటుకలాగే బయటికొస్తుంది. సిమెంటు గోడ అలా కాదు, ఇటుక ముక్కలైనా సరే సిమెంటు మాత్రం వదలదు. పైన టేకు దూలాలు, వాసాలు, వేలకొద్దీ బంగాళా పెంకులు, ఏడెనిమిది ద్వారబంధాలు.

"పట్టుకెళ్ళండి మాస్టారూ, ఎవరికి కావాలంటే వాళ్ళకివ్వండి," అన్నాడు మిల్లు యజమాని. "పుణ్యం నాకు, బరువు మీకు. కానీ నెలాఖరుకు గోడలు కూల్చే పొక్లెయిన్ వస్తుందండి. ఆ తర్వాత మిగిలిందంతా పెంటపాడు రోడ్డు పక్కన గుంటలో పోయించేస్తాను. నన్ననుకుని లాభం లేదు."

అప్పటికి ఏప్రిల్ మొదటివారం.

ఇంత సామానూ కావలసింది ఎవరికో నాకు తెలుసు. భీమడోలు నుంచి ఆటోలో కొల్లేటి వైపు వెళితే, రోడ్డు సన్నబడి, సన్నబడి, చివరికి ఇది రోడ్డా లేక ఎవరైనా ఆరేసి మర్చిపోయిన పంచె అంచా అని అనుమానం వచ్చే చోట ఒక ఊరుంది. కిందటి వానాకాలం ముంపులో అక్కడ మట్టిగోడల ఇళ్ళు చాలావరకు కూలిపోయాయి. పునాదులు వేసుకున్నారు, ఆపైన లేవలేదు. ఇటుక ధర అందుబాటులో లేదు. ఊరంతా పునాదుల్లో మొలిచిన గడ్డి. అక్కడి బాలవాడి టీచరమ్మ, ఆవిడ అత్తగారు కూడా తమ పునాది పక్కనే ప్లాస్టిక్ పట్టా కింద ఉంటున్నారు. టీచరమ్మ భర్త పోయి మూడేళ్ళు. ఊళ్ళో పిల్లలందరికీ ఓనమాలు ఆవిడే నేర్పింది. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు గోడలు లేవకపోతే ఆ ఇద్దరాడవాళ్ళూ ఇంకో వానాకాలం ఆ పట్టా కిందే గడపాలి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ పట్టాకు పదకొండు చిల్లులు చూశాను. పన్నెండోది నా గొడుగు కొన తగిలి పడింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు పందిట్లో మీటింగు. క్రిస్టియన్ కుటుంబాలు, పక్కవీధి రైతు కుటుంబాలు అందరూ వచ్చారు. పాస్టరుగారు మైకిచ్చారు. నేను గంటన్నర మాట్లాడాను. బాణాలన్నీ చూపించాను. రెండు ఇటుకలు చేతబట్టుకుని ఒకదానికొకటి తాటించి, "ఇదిగో, ఖంగుమంటోందా? దీనికి ఇంకా వందేళ్ళ ఆయుష్షుంది!" అన్నాను. చప్పట్లు మోగాయి. కొల్లేట్లో పక్షులు లేచి వేరే జిల్లాకు వెళ్ళిపోయాయి.

"ఎంత బాగా చెప్పారండీ!" అన్నాడు ఊరి తాపీమేస్త్రి.

"సోమవారం ట్రాక్టరు తెస్తారా మరి?"

"అలాగేనండి."

"తప్పకుండా?"

"అయ్యో, తప్పకుండానండి. మీరంతలా చెప్పాక రాకుండా ఉంటామాండీ?"

సోమవారం మిల్లు దగ్గర కూర్చున్నాను. మంగళవారం కూడా కూర్చున్నాను. ఫ్లాస్కులో కాఫీ అయిపోయింది, పేపర్లో పెళ్ళి ప్రకటనలతో సహా చదవడం అయిపోయింది, ట్రాక్టరు రాలేదు. రెండో ఆదివారం మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ గంటన్నర. ఈసారి చేపలపులుసుతో భోజనం కూడా పెట్టారు. "ఈసారి తప్పదండి," అన్నారు. ఈసారీ తప్పింది.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. నేను పుట్టింది ఈ నేల మీదే. మన వైపు ఎదుటిమనిషి ముఖం మీద "రాను" అని ఎవరైనా అంటారా? అనరు. ఇష్టం లేకపోతే "అలాగేనండి" అంటారు. అసలు ఇష్టమే లేకపోతే "తప్పకుండానండి" అంటారు. చచ్చినా చెయ్యకూడదనుకుంటే భోజనం పెట్టి పంపిస్తారు. మా మేనత్త నాకు ఒక సంబంధం వద్దని చెప్పడానికి ఆ పెళ్ళివారికి మూడుపూటలా వండిపెట్టింది. ఇంత తెలిసిన నేను, చేపలపులుసు విస్తరి ముందు కూర్చుని కూడా ఆ మాటను అవును కిందే జమకట్టానంటే, చదువు మనిషిని ఎంత పాడుచేస్తుందో చూడండి.

మూడోసారి ఎవరికీ చెప్పకుండా, చార్టులు లేకుండా, సరాసరి టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. పట్టా నీడలో ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆవిడ అత్తగారు, పిడికెడంత మనిషి, పట్టా కట్టిన గుంజకు ఆనుకుని కూర్చుని నన్ను పరీక్షగా చూస్తోంది.

"టీచరమ్మా, నిజం చెప్పండి. ఎవరూ ఎందుకు రావట్లేదు?"

ఆవిడ చేట పక్కనబెట్టింది. "సార్, చెబితే మీరు బాధపడతారండి."

"బాధపడటానికే ఆటో ఎక్కి వచ్చాను. చెప్పండి."

"అది మూతపడ్డ మిల్లండి. మూతపడ్డ చోటి ఇటుక తెచ్చి పెట్టుకుంటే మన బతుకూ మూతపడుతుందని అందరికీ భయమండి. గోడ సంగతి ఎలా ఉన్నా, గుమ్మం మాటేంటండీ? ఆ గుమ్మంలోంచి ఎవరి ఏడుపు వెళ్ళిందో, ఏం చెడు వెళ్ళిందో మనకేం తెలుసండీ? ఒకళ్ళ గుమ్మం తెచ్చి ఇంకొకళ్ళ ఇంటికి పెట్టరండి మా వైపు. పాస్టరుగారు అలాంటివి నమ్మకూడదనే చెప్పారు. ఆయన చెప్పింది వింటామండి. భయం మాత్రం పోదండి."

"ఆ మిల్లు నష్టమొచ్చి మూతపడలేదమ్మా. ఆయన ఇంకా పెద్దది కడుతున్నాడు. పొట్ట కూడా పెరిగింది."

"ఆయనకి పెరిగిందండి. నాది వేరే సంగతండి." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇల్లు పోయిందండి. అంతకుముందు ఆయన పోయారండి. ఇక మిగిలింది నేనూ, మా అత్తగారూ. ఇంకేదైనా అయితే ఓర్చుకోలేనండి. అందుకని... నేను రానండి సార్. ఏమీ అనుకోకండి."

పన్నెండు చార్టులూ, మూడు గంటల ఉపన్యాసమూ రాబట్టలేని మాట అది. మా జిల్లాలో నా ముఖం మీద "రాను" అన్న మొదటి మనిషి ఆవిడే. ఆ రోజు నాకు కోపం రాకపోగా, లేచి దండం పెట్టాలనిపించింది. అంతలో ఆవిడే అడిగింది:

"సార్, అడగకూడదేమో గానీ... మీ ఇల్లు ఏ ఇటుకతో కట్టారండీ?"

నేను గొంతు సవరించుకున్నాను. రెండోసారి కూడా సవరించుకున్నాను. "కొత్త ఇటుకతో."

"గుమ్మాలు?"

"కొత్తవే."

గుంజకు ఆనుకున్న అత్తగారు అప్పటిదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పింది. "పాతది బాగుంటదని ఇంతదూరమొచ్చి మాకు చెబుతున్నావు కదా బాబూ. నువ్వొకటి ఎట్టుకో. చూస్తాం."

అప్పుడు ఏలూరులో మా డాబా మీద ఒక గది లేస్తోంది. గోడలు నడుమెత్తు వచ్చాయి. ద్వారబంధం ఇంకా నిలబెట్టలేదు. మా ఆవిడ వడ్రంగికి కొత్త టేకుతో చేయమని చెప్పి, దాని మీద చిలకలు చెక్కించాలా నెమళ్ళా అని నెలరోజులుగా ఆలోచిస్తోంది. నేను మర్నాడే మిల్లు నుంచి ఒక ద్వారబంధం ఊడదీయించి ఆటోట్రాలీలో వేసుకొచ్చాను. చిన్నదే చూసి ఎంచానని నా నమ్మకం. దించడానికి ఆరుగురు పట్టారు.

"ఏవండీ, ఏంటిది?" అంది మా ఆవిడ.

"ద్వారబంధం."

"అది కనబడుతోంది. ఎవరిది?"

"మనదే."

"నిన్నటి వరకూ?"

"మిల్లుది."

మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. వేలితో తట్టింది. సందుల్లోంచి తవుడు రాలింది. అరవై ఏళ్ళ తవుడు. ఇంకోసారి తట్టింది, ఇంకా రాలింది. నాలుగోసారి తట్టేసరికి పక్కింటివాళ్ళ గేదె తాడు తెంపుకుని మా గేటు దగ్గరికొచ్చి నిలబడింది.

నేను జరిగిందంతా చెప్పాను. పట్టా, పునాది, నెలాఖరు, టీచరమ్మ అన్న మాట, అత్తగారు అన్న మాట. మా ఆవిడ రాలిన తవుడంతా చేటలోకెత్తి గేదెకు పెట్టింది.

"చిలకలు?" అంది చివరికి.

"లేవు."

"పోనీలెండి. గంటకోసారి దుమ్ము తుడవాల్సొచ్చేది." లోపలికెళ్ళి పసుపు కలుపుకొచ్చింది. "పాతదైనంత మాత్రాన మర్యాద తగ్గుతుందా?" అంటూ గడపకు నిండా పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టించి, మంచి వేళ చూసి నిలబెట్టించింది. ఆవిడకి ఈ పని మీద నాకంటే ఎక్కువ అవగాహన ఉందని నాకు ఆ రోజు తెలిసింది. మిగతా అన్ని పనుల సంగతీ ముందే తెలుసు.

అక్కణ్ణుంచి మొదలైంది నా పరీక్ష.

నా ఇంటికి మూతపడ్డ మిల్లు గుమ్మం పెట్టారని కొల్లేటి ఊరంతా తెలిసిపోయింది. వాళ్ళకు ఏలూరులో పనులు పుట్టుకొచ్చాయి. రోజుకిద్దరు ముగ్గురు, "ఇటుగా వెళ్తూ చూసిపోదామని వచ్చామండి," అంటూ దిగేవారు. మా ఇల్లు ఏ పనికీ ఏ దారిలోనూ పడదు, అయినా ఇటుగానే వెళ్ళేవారు. ఖాళీచేతులతో మాత్రం వచ్చేవారు కాదు. ఒకరు కొరమీను, ఒకరు రొయ్యలు. గుమ్మం వల్ల మా ఇంట్లోకి చెడు వచ్చిందో లేదో గానీ, ఆ కొద్దిరోజుల్లోనే మా వీధి పిల్లులన్నీ ఒళ్ళు చేసి గోడ ఎక్కలేకపోయాయి.

"ఒంట్లో బాగుంటుందాండీ?"

"దివ్యంగా ఉంది."

"అమ్మగారికి కళ్ళూ అవీ తిరగడం లేదు కదాండీ?"

"నన్ను చూసి తప్ప తిరగడం లేదు."

"కాలేజీలో ఉద్యోగం...?"

"ఉంది, ఉంది."

"హమ్మయ్య," అనేవారు గానీ, ఇంకో రెండ్రోజులు చూద్దామన్నట్టు గుమ్మం వైపు ఓరగా చూసి వెళ్ళేవారు. నేను తుమ్మడం మానేశాను. తుమ్ము వస్తే పరుగెత్తి స్నానాలగదిలో తలుపేసుకుని తుమ్మేవాణ్ణి. స్కూటరు మీద నుంచి ఒకసారి పడి, లేచి, చుట్టూ చూసి, కొల్లేటివాళ్ళెవరూ లేరని నిర్ధారించుకున్నాకే నొప్పి పుట్టనిచ్చాను. ఒక మనిషి ఆరోగ్యం మీద ఒక ఊరి గోడలు ఆధారపడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పప్పులో ఉప్పు ఎక్కువైనా భయమే.

పొక్లెయిన్ రావడానికి ఇంకా ఎనిమిది రోజులుందనగా, టీచరమ్మా, ఆవిడ అత్తగారూ స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. సరిగ్గా ఆ రోజే పొద్దున లేచేసరికి నా కుడిబుగ్గ పనసకాయంత అయి ఉంది. పన్నునొప్పి. మామూలు నొప్పి కాదు, ఏలూరు నుంచి విజయవాడ దాకా నరం లాగుతున్నట్టుంది.

ఏప్రిల్ ఎండలో ఏలూరులో నెత్తి నుంచి గడ్డం దాకా మఫ్లరు చుట్టుకుని వరండాలో కూర్చున్నాను. వాళ్ళు గేటు తీసుకుని వచ్చారు. టీచరమ్మ మఫ్లరు చూసింది. ముఖం పాలిపోయింది.

"ఏంటండీ సార్ అది?"

"ఫ్యాషనమ్మా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వంకరగా వచ్చింది.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఒక్క ఊపున మఫ్లరు లాగేసింది. పనసకాయ బయటపడింది. టీచరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ రెండడుగుల్లో ఆవిడ ఇల్లు వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను.

"కంగారుపడకమ్మా," అంది మా ఆవిడ. "ఆ పన్ను ఇప్పుడు పుచ్చింది కాదు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడే ఈయన బుగ్గ పట్టుకుని తలొంచుకుని కూర్చున్నారు. సిగ్గేమో, ఎంత మంచివాడో అనుకుని ఒప్పుకున్నాను. ఏటా ఎండాకాలం వాస్తుంది. డాక్టరు దగ్గరికెళ్ళడానికి భయం. గుమ్మం మొన్న వచ్చింది. భయం పుట్టుకతో వచ్చింది."

టీచరమ్మ నవ్వలేదు. నవ్వబోయి ఆగింది. "నిజమే కావచ్చండి," అంది నెమ్మదిగా. "మీరు నాకోసం ఇంత చేశారు, అదే చాలండి. కానీ..."

ఆ "కానీ" దగ్గర మేం ముగ్గురం నిలబడిపోయాం. అప్పుడు గమనించాం, అత్తగారు లేదు.

చూస్తే ఆవిడ మెట్లెక్కి డాబా మీదికెళ్ళిపోయింది. కప్పు ఇంకా వేయని ఆ గదిలో, నిలబెట్టిన ద్వారబంధం పక్కన, పొరుగింటి కొబ్బరిచెట్టు నీడ పడేచోట కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒక చేత్తో ఆ కర్రను నిమురుతోంది. మేం వెళ్ళి పిలిచేలోపే తల ఆ కర్రకు ఆన్చి నిద్రపోయింది. అలా ఇలా కాదు, గురకతో. ఆ పిడికెడు మనిషిలోంచి అంత గురక ఎలా వచ్చిందో, పాసింజరు ఇంజను కూడా అంత బలంగా లాగదు.

లేపబోతుంటే టీచరమ్మ తన చెయ్యి అడ్డుపెట్టింది. కళ్ళలో నీళ్ళు.

"లేపకండి సార్. ముంపు వచ్చినప్పటి నుంచి ఆవిడ పడుకోలేదండి. అరగంటకోసారి లేచి నీళ్ళొచ్చాయేమో అని చేత్తో నేల తడిమి చూస్తుందండి. ఒక్కసారన్నా ఇలా ఒళ్ళు తెలియకుండా పడుకోవడం నేను చూడలేదండి."

మేం కదలలేదు. మా ఆవిడ వంట సంగతి మర్చిపోయి పిట్టగోడ మీద కూర్చుంది. నీడ జరిగితే టీచరమ్మ కొంగు అడ్డం పట్టుకుంది. కొంతసేపు కొంగు, కొంతసేపు నా మఫ్లరు. ఆ వస్తువు ఆ రోజు చేసిన మంచిపని అదొక్కటే. పనివాళ్ళు వస్తే సైగచేసి పంపించేశాం. భోజనాల వేళ దాటాక ఎప్పుడో ఆవిడ కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది. చెయ్యి నేల మీదికెళ్ళింది గానీ, మధ్యలో ఆగి మళ్ళీ కర్ర మీదికే వచ్చింది.

"ఏంటే, అందరూ ఇలా నిలబడ్డారు? ఎవరన్నా పోయారా?"

"లేదత్తా. నువ్వు పడుకున్నావు."

"పడుకున్నానా!" ఆవిడ తనలో తనే ఆశ్చర్యపోయింది. తర్వాత ద్వారబంధాన్ని కిందికీ పైకీ చూసింది. "చెడ్డ గుమ్మం దగ్గర నిద్దరట్టుద్దా? మంచిది. ఇటుక తెచ్చుకో."

"అత్తా, మూతపడ్డ..."

"మూతపడితే? నీ మొగుడు ఎవరి వాసాల కింద పుట్టాడనుకున్నావు? ముంపులో కొట్టుకొచ్చిన వాసాలే. ఎవరిల్లు పోతే వచ్చాయో అడిగామా? కడిగాం, కట్టాం. మళ్ళీ నీళ్ళొస్తే ఇంటిని విప్పి దోనెలో వేసుకుని మెరకమీదికెళ్ళాం. నీళ్ళు తీస్తే ఆ కర్రలే తెచ్చి మళ్ళీ కట్టుకున్నాం. ఒక్క ఇంటిని నేను నాలుగుసార్లు కట్టాను. కొత్త కర్ర అంటే ఏంటో నాకు తెలవదు. ఈ బాబు అదేదో కొత్తగా కనిపెట్టినట్టు చెబుతుంటే పోన్లే అని ఊరుకున్నాను."

"మరి ముందే చెప్పొచ్చుగా మామ్మగారూ!" అన్నాను, బుగ్గ పట్టుకుని.

"అడిగితే కదా. నువ్వు గంటన్నర నువ్వే చెప్పావు."

మర్నాడు ట్రాక్టరు వచ్చింది. ఆ మర్నాడు నాలుగొచ్చాయి. ముసలావిడ నిద్రపోయిందన్న కబురు నా పన్నెండు చార్టుల కన్నా వేగంగా ఊరంతా తిరిగింది. ఆ వారంరోజులు రైసుమిల్లు తిరునాళ్ళలా ఉంది. నేను ఉలీ సుత్తీ పట్టుకుని, ఇటుకకు అంటిన సున్నం ఎలా వదిలించాలో చూపించాను. మూడు ఇటుకలు పగలగొట్టాను. నాలుగోది చేతిలోంచి లాక్కుని, ఆ ఊరి ఆడవాళ్ళు విరిగిన కొడవలి వెనకవైపుతో గీరారు. సున్నం పొరలు పొరలుగా ఊడిపోయింది. ఊడిన సున్నాన్ని కూడా పారబోయలేదు. జల్లెడపట్టి, విరిగిన ఇటుకముక్కలతో కలిపి నేల గట్టి చేయడానికి గోతాల్లోకెత్తారు. వంగిన మేకులు ఏరి, రాయి మీద పెట్టి సాపు చేశారు. నా చార్టుల్లో మేకుకు బాణం లేదు. ఆ రాత్రే గీయించాలనుకున్నాను, తర్వాత ఆ ఆలోచన మానేశాను. చార్టులు మడతపెట్టి ట్రాక్టరులో పెంకుల కింద మెత్తగా పరిచాను. ఒక్క పెంకూ పగల్లేదు. అవి నిజంగా పనికొచ్చింది అప్పుడే.

పొక్లెయిన్ వచ్చేసరికి దానికి మిగిలింది పునాది రాళ్ళూ, ఒక కుక్కా. డ్రైవరు చాలా చిన్నబుచ్చుకున్నాడు.

టీచరమ్మ ఏరికోరి తెచ్చుకున్న ద్వారబంధం మిల్లు కాటా గదిది. వందకిలోల బస్తా అడ్డంగా ఎత్తుకుని మనిషి నడిచివెళ్ళడానికి చేసింది. ఆవిడ ఇల్లేమో రెండు గదులు. నిలబెట్టాక చూస్తే తలుపుకి ఇల్లు కట్టినట్టుంది. "పెద్ద గుమ్మమైతే పిల్లలందరూ ఒకేసారి లోపలికొచ్చేయొచ్చండి," అంది టీచరమ్మ. దాన్ని నిలబెట్టిన రోజు పాస్టరుగారు ప్రార్థన చేశారు. పక్కవీధి రైతు ఇంట్లోంచి మామిడాకులు వచ్చాయి. మా ఆవిడ ఏలూరు నుంచి పసుపు తీసుకెళ్ళి, పాస్టరుగారిని అడిగి మరీ, గడపకు ఒక్క వేలెడు రాసింది. "చెద పట్టకుండా ఉంటుందిలెండమ్మా," అని ఆయన చిరునవ్వు నవ్వారు.

మే నెలంతా గోడలు లేచాయి. ఒక్క ఆవిడవే కాదు, పునాదుల్లో గడ్డి పీకి గోడలెత్తిన ఇళ్ళు ఊళ్ళో ఇంకెన్నో. కప్పు మీద పెంకులు పరిచేటప్పుడు నన్ను కూడా ఎక్కించమని మేస్త్రిని బతిమాలి, ఈశాన్యం మూల నా చేత్తో పరిచాను. మేస్త్రి అటు చూసి, తర్వాత ఆకాశం వైపు చూశాడు.

ఆ తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను. ఎక్కడికెళ్ళినా ముందు ఆ ఊరి ముసలమ్మల దగ్గర కూర్చుని, మీరేం చేసేవారని అడిగేవాణ్ణి. సగం పాఠం వాళ్ళే చెప్పేసేవారు, మిగతా సగం తప్పని కూడా వాళ్ళే చెప్పేవారు. జీతం మాత్రం నేను పుచ్చుకునేవాణ్ణి. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. డిగ్రీ ఇచ్చినందుకు నేను చదివిన కాలేజీవాళ్ళకు అప్పుడెప్పుడో దండం పెట్టాను. నాకేమీ రాదని తెలియజెప్పినందుకు ఆ అత్తాకోడళ్ళకు ఈ కాగితం మీద పెడుతున్నాను.

ఆ ఏడాది జూన్ రెండోవారంలో తొలివాన పడిన రోజు నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. వాన అంటే వాన కాదు, కొల్లేటిని ఎవరో తిరగేసి మా మీద కుమ్మరించారు. భోజనానికి కూర్చున్నాం. ఇల్లంతా పొడిగా ఉంది, ఈశాన్యం మూల తప్ప. అక్కడ చుక్క చుక్కగా పడుతోంది.

"సార్, మీరేసిన మూల కారుతోందండి," అంది టీచరమ్మ.

"చూశానమ్మా."

"వాన వెలిశాక మేస్త్రి సరిచేస్తాడు లెండి. మీరు మాత్రం ఎక్కకండి." ఒక సత్తుగిన్నె తెచ్చి ఆ చుక్క కింద పెట్టింది.

అత్తగారు గోడవారగా కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, చేపముల్లు తీసుకుంటోంది. బయట వాన ఇంకా హెచ్చింది. పెంకుల మీద దాని మోతకు మా మాటలు మాకే వినపడలేదు. వీధిలో నీళ్ళు పారుతున్న చప్పుడు. నేను మెడ చాచి గుమ్మంలోంచి బయటికి చూశాను. వాళ్ళిద్దరిలో ఎవరూ చూడలేదు. టీచరమ్మ గరిటె ముంచి నా కంచంలో ఇంకాస్త పులుసు పోసింది.